ఇరవై మాటలు

జూన్ గాలికి రేడియో గది పైకప్పు
రేకుకు రేకు ఊడి సముద్రంలో పడ్డాక
నా బట్టల బీరువాయే స్టూడియో.

కోట్లన్నీ ఓ పక్కకి జరిపి
పీట వేసుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించి,
అమ్మ నేసిన ఉన్ని దుప్పట్లు తలుపుకి వేలాడదీసి
ఫోన్ వెలుగులో కూర్చుంటాను.
అయినా వాన లోపలికొస్తుంది.
చిలోయేలో రేకుల మీది వాన
అడిగి రాదు, చెప్పి పోదు.
రేడియో పనులు చూసే కుర్రాడు అలిరో అంటాడు:
"పర్లేదు అత్తా, వాన వినబడకపోతే
ఎవరో రాజధాని నుంచి మాట్లాడుతున్నారనుకుంటారు."

నేను చదివేవి కబుర్లు.
ఫోన్ అందని దీవులకు, సాయంత్రం ఆరింటికి.
ఒక్కో కబురుకు ఇరవై మాటలు, అంతే.
ఆ నియమం పెట్టింది నేనే.

"రెమిహియోకు తెలియజేయునది: మోటారు బాగయింది, డబ్బు తెచ్చుకో."
"ఎగువ రేవు వాళ్ళకు: టీచరమ్మ సోమవారం రాదు, పన్ను నొప్పి."
"క్లోరిందాకు తెలియజేయునది: ఆపరేషన్ అయింది.
తాతయ్య సూప్ తాగాడు. ఉప్పు లేదని తిట్టాడు."
ఇక్కడ నాకు నవ్వాగదు.
బీరువాలో నవ్వితే హ్యాంగర్లు కూడా నవ్వుతాయి,
మళ్ళీ మొదటినుంచి.

ఇవాళ్టి కాగితంలో ఏడోది,
చేపల పడవలో వచ్చిన చీటీ:

"ఎర్మిందా చిగ్వాయ్‌కి ఒతిలియా తెలియజేయునది.
నల్ల గొర్రె ఈనింది. రెండు పిల్లలు.
ఒకటి పాలు పట్టుకోవడం లేదు.
అమ్మ అయితే ఏంచేసేదో నాకు గుర్తు లేదు."

ఎర్మిందా అంటే నేనే.
నాన్న పడవ ఇంజను నాకు చెప్పకుండా అమ్మిన రోజు నుంచి
మూడేళ్ళుగా మా చెల్లెలి పేరు నా నోట రాలేదు.
ఇప్పుడు రావాలి, గట్టిగా, స్పష్టంగా,
అన్ని దీవులకూ వినబడేలా.

మొదటిసారి నా పేరు దగ్గరే దగ్గొచ్చింది.
రెండోసారి దాని పేరు దగ్గర కుక్క మొరిగింది, సంతోషించాను.
మూడోసారి నల్ల గొర్రె అనబోయి
నల్ల ఇంజను అన్నాను.

లెక్కపెట్టాను, అలవాటు కదా. పందొమ్మిది.
ఒతిలియా లెక్క తప్పే మనిషి కాదు.
గుడ్లు, బంగాళాదుంపలు, నా తప్పులు
అన్నీ వేళ్ళ మీద చెప్పగలదు.
ఒక మాట మిగిల్చింది,
లేదా రాసి కొట్టేసింది.
అలిరో సాపు రాసి ఇచ్చిన కాగితంలో
కొట్టివేతలు ఉండవు.

నాలుగోసారి ఆగకుండా చదివాను,
ఎవరి కబురో అన్నట్టు.
చివరి "లేదు" తర్వాత
ఒక మాట పట్టేంత సేపు ఊరుకున్నాను.
ఆ ఖాళీలో వాన పడింది.

నియమం ప్రకారం తర్వాత ఎనిమిదోది చదవాలి.
"ఒతిలియా చిగ్వాయ్‌కి తెలియజేయునది" అన్నాను.
"పిల్లని పొయ్యి పక్కన పెట్టు, మరీ దగ్గర కాదు.
ఎండుగడ్డితో ఒళ్ళంతా రుద్దు.
తల్లి పాలే పిండి, వేలికి రాసి
ఆ వేలు దాని నోట్లో పెట్టు.
చప్పరించకపోతే తోక మొదట్లో గీకు,
తల్లి నాకుతోందనుకుంటుంది.
రెండు గంటలకోసారి, రాత్రి కూడా.
నీకు గుర్తుండదులే,
చిన్నదానివని అమ్మ నిన్ను లేపనిచ్చేది కాదు.
లాంతరు పట్టుకున్నది నేను."

మాటలు లెక్కపెట్టలేదు.

సిగ్నల్ కోళ్ళ గూడు మీదెక్కితేనే.
ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి
వానలో చెయ్యి పైకెత్తి నిలబడ్డాను.
నలభై శాతం. నలభై ఒకటి.
కాళ్ళ కింద కోళ్ళు గొణుగుతున్నాయి.
ఆరింటికి ఇంకా గంటన్నర.
ఆకలిగొన్న పిల్లకి గంటన్నర చాలా ఎక్కువ.
వెళ్ళవే, వెళ్ళు, అంటున్నాను ఫోన్‌తో,
నలభై ఒకటి దగ్గరే నిలబడి.